వెండి వర్తక డాలర్లు: ఏది ఎంచుకోవాలి, ఏ టంకశాలదో ఎలా తేల్చాలి

రూపాయిలు, అర్ధరూపాయిలు పోగుచేస్తూ వచ్చినవాళ్ళు కాస్త పెద్ద వెండి వైపు చూడటం మొదలుపెట్టగానే ఎదురయ్యేవి వర్తక డాలర్లు. ఒక్కోటి 27 గ్రాముల చుట్టూ తూగుతుంది, అంటే విక్టోరియా రూపాయికి రెండింతల పైనే. ఇవి కొట్టిన దేశంలో ఖర్చుపెట్టుకోవడానికి పుట్టినవి కావు. చైనాలో పట్టు, తేయాకు కొనాలన్నా, ఎర్రసముద్రం రేవుల్లో కాఫీ కొనాలన్నా అక్కడి వర్తకుడు తెలియని నాణేన్ని ముట్టుకునేవాడు కాదు. తను ఎరిగిన బొమ్మ, తను ఎరిగిన బరువు ఉంటేనే సరుకు ఇచ్చేవాడు. అందుకని ఒకే బొమ్మను దశాబ్దాల తరబడి మార్చకుండా కొట్టారు. ఒక చోట చాలకపోతే మరో టంకశాలలో, కొన్నిసార్లు మరో దేశంలోనే కొట్టించారు.

ఇవాళ కొనేవాళ్ళకు చిక్కంతా అక్కడే వస్తుంది. రెండు నాణేలు అచ్చం ఒకేలా ఉంటాయి, ధర మాత్రం ఒకదానికి ఇంకోదానికి ఎన్నో రెట్లు తేడా. ఆ తేడా వెండిలో లేదు. బ్రిటిష్ డాలర్‌లో అసలు వెండి 24.3 గ్రాములు, అమెరికా ట్రేడ్ డాలర్‌లో 24.5, మరియా థెరీసా థాలర్‌లో 23.4. అన్నీ కలిపి చూసినా గ్రాము తేడా. మిగతా ధరంతా ఏ ఏడు, ఏ టంకశాల, ఎంత అరిగింది అన్నవాటి మీద కడుతున్నదే.

కాబట్టి నా సలహా ముందే చెప్తాను. టంకశాల ఏదో నాణెం మీద మీ కళ్ళతో మీరే చూసి తేల్చుకోగలిగిన రకంతో మొదలుపెట్టండి. అమ్మేవాళ్ళ మాట తప్ప వేరే ఆధారం లేని రకానికి వెండి రేటు దాటి పెద్దగా పెట్టకండి. ఈ కొలతతోనే కింద ఒక్కో నాణేన్ని చూస్తున్నాను. ఒకదాని గురించి ఎక్కువ, ఒకదాని గురించి తక్కువ రాశాను. వాటిలో ఉన్న విషయం అలాంటిది.

బ్రిటిష్ డాలర్: మన టంకశాలల్లో పుట్టిన పరదేశీ నాణెం

1893 జూన్ వరకు ఎవరైనా వెండి తెచ్చి ఇస్తే బొంబాయి, కలకత్తా టంకశాలలు రూపాయిలు కొట్టి ఇచ్చేవి. వెండి ధర పడిపోతూ ఉండటంతో ఆ నెలలో ప్రభుత్వం ఆ సౌకర్యాన్ని మూసేసింది. యంత్రాలకు పని తగ్గింది. అటు హాంకాంగ్, సింగపూర్ వర్తకులేమో మెక్సికో డాలర్లు సరిపడా దొరక్క తమకంటూ ఒక డాలర్ కావాలని పట్టుబడుతున్నారు. హాంకాంగ్‌లో 1866లో సొంత టంకశాల పెట్టి రెండేళ్ళకే నష్టంతో మూసుకున్నారు, దాని యంత్రాలు జపాన్‌కు అమ్ముడుపోయాయి. ఇక మిగిలిన దారి ఇండియాయే. 1895 ఫిబ్రవరి 2 నాటి రాజాజ్ఞతో బ్రిటిష్ డాలర్ వచ్చింది. ఎక్కువ భాగం బొంబాయిలోనే కొట్టారు. మన గడ్డ మీద కొట్టినా మన బజారులో ఎప్పుడూ చెల్లలేదు. మలయా తీరంలో మాత్రం 1903లో అక్కడి సొంత నాణెం స్ట్రెయిట్స్ డాలర్ వచ్చేదాకా చెల్లింది. ఉత్తరాంధ్ర నుంచి మలయా తోటలకు తెలుగువాళ్ళు వలస వెళ్తున్న రోజులవి. హాంకాంగ్‌లో 1937 వరకు చెల్లింది.

బొమ్మ వైపు బ్రిటన్ దేశాన్ని స్త్రీ రూపంలో చూపే బ్రిటానియా నిలబడి ఉంటుంది. ఒక చేత త్రిశూలం, ఇంకో చేత డాలు, వెనక సముద్రం మీద తెరచాపల ఓడ. 'వన్ డాలర్' అన్న ఇంగ్లీషు మాటలూ, కింద సంవత్సరమూ ఉంటాయి. బొరుసు వైపు నడుమ దీర్ఘాయువును సూచించే చైనా అక్షరం, చుట్టూ చైనా లిపిలోనూ మలయా వాళ్ళ అరబ్బీ లిపిలోనూ ఒక డాలర్ అని రాసి ఉంటుంది. బరువు 26.95 గ్రాములు, వెండి నూటికి 90, వెడల్పు 39 మిల్లీమీటర్లు, అంచు చుట్టూ నిలువు గీతలు.

టంకశాల గుర్తు కోసం భూతద్దం త్రిశూలం మీద పెట్టండి. మూడు మొనల్లో నడిమి మొన మీద ఇంగ్లీషు 'బి' అక్షరం చిన్నగా ఉంటే అది బొంబాయి. అక్కడ లేకపోతే కిందికి వచ్చి బ్రిటానియా ఎడమ పాదానికీ డాలు అడుగుకూ నడుమ నేల మీద చూడండి. అక్కడ 'సి' ఉంటే కలకత్తా. రెండూ లేకపోతే లండన్.

ఇంతవరకు ఏ పట్టికలోనైనా దొరుకుతుంది. దీన్ని సంవత్సరాలతో కలిపి చదివితేనే అసలు ప్రయోజనం. కలకత్తా కొట్టింది 1900, 1901, 1902లలో మాత్రమే. లండన్ కొట్టింది 1925, 1930లలో మాత్రమే. 1925లో లండన్ ఒక్కటే కొట్టింది, బొంబాయి కొట్టలేదు. అంటే ఈ టంకశాలా ఆ టంకశాలా అన్న సందేహం నిజంగా వచ్చేది నాలుగే నాలుగు సంవత్సరాలకు: 1900, 1901, 1902ల్లో 'బి'యా 'సి'యా అని, 1930లో 'బి' ఉందా లేదా అని. మిగతా ఏ ఏటి నాణెమైనా సంవత్సరం చూడగానే టంకశాల తేలిపోతుంది. 1898 నాణెం చూపించి 'మార్క్ లేదు, లండన్ మింట్, చాలా అరుదు' అంటే అది లండన్‌ది కాదు. ఆ అక్షరం అరిగిపోయి ఉండాలి, ఎవరో గీకేసి ఉండాలి, లేదా నాణెమే నకిలీ అయి ఉండాలి.

అరిగిపోవడం అన్నది మామూలుగా జరిగేదే. ఆ 'బి' ఎంత చిన్నదంటే బాగా తిరిగిన నాణెం మీద చిన్న చుక్కలా మాత్రమే మిగులుతుంది. నాణేన్ని నేరుగా దీపం కింద పెట్టకుండా ఓరగా పట్టుకుని, వెలుతురు పక్క నుంచి పడేలా మెల్లగా తిప్పండి. ఆ చుక్కకు నీడ పడినప్పుడు అది మొన మీద విడిగా లేచి కనిపిస్తే అక్షరం ఉండేదన్నమాట. మొన నున్నగా, ఒక్క వాలుగా ఉండి, బ్రిటానియా శిరస్త్రాణం, డాలు మీది గీతలు కూడా చక్కగా ఉంటే అప్పుడు 1930 లండన్ అని నమ్మొచ్చు. ఒంటి మీది గీతలన్నీ అరిగిపోయిన 1930 నాణేన్ని మాత్రం లండన్‌ది అని ఎవరు చెప్పినా ఎక్కువ పెట్టకండి.

ఇంట్లో వెండి సామాను తోమినట్టు విభూతితోనో చింతపండుతోనో వీటిని తోమేవాళ్ళను చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది. మొదట పోయేది ఇలాంటి సన్నని అక్షరమే. దానితో పాటే సగం విలువా పోతుంది. నల్లబడిన నాణేన్ని నల్లగానే ఉంచండి.

నకిలీలను పట్టుకోవడానికీ సంవత్సరాలే పనికొస్తాయి. 1905, 1906లలో ఈ డాలర్ లేదు. 1914 నుంచి 1920 వరకు లేదు. 1922 నుంచి 1924, 1926 నుంచి 1928, 1931 నుంచి 1933 కూడా లేదు. అలాంటి ఏడు కనిపిస్తే ఇంకేమీ చూడనక్కర్లేదు, పెట్టేసి రండి. మరీ తక్కువగా ఉన్నవి 1921, 1934, 1935 బొంబాయి నాణేలు. 1935లో కొట్టినవాటిలో చాలా కొద్దే బయటికి వచ్చాయి. ఆ మూడు సంవత్సరాల జోలికి ధ్రువపత్రం లేకుండా వెళ్ళకండి.

ఇంకో ముచ్చట కూడా ఈ నాణెంలో ఉంది. బొంబాయి వాళ్ళు పాత అచ్చులనే సరిదిద్ది మళ్ళీ వాడేవాళ్ళు. అందుకే 1904లో 4 కింద పాత 3 తొంగిచూస్తుంది, 1908లో 8 కింద 7, 1909లో 9 కింద 8 కనిపిస్తాయి. అమ్మేవాళ్ళు చాలామంది ఇది గమనించరు. మామూలు ధరకే మంచి రకం దొరికే అవకాశం ఈ అంకెల దగ్గర ఉంది.

మరియా థెరీసా థాలర్: అందరికీ తెలిసినది, ఎవరూ తేలిగ్గా తేల్చలేనిది

ఆస్ట్రియాను ఏలిన రాణి మరియా థెరీసా 1780 నవంబర్ 29న కన్నుమూసింది. ఆమె బొమ్మ ఉన్న థాలర్ అనే పెద్ద వెండి నాణెం అప్పటికే ఎర్రసముద్రం చుట్టుపక్కల ఎంతగా అలవాటైపోయిందంటే, తర్వాతి రాజుల బొమ్మలున్న నాణేలను అరబ్, ఇథియోపియా వర్తకులు పుచ్చుకోలేదు. దాంతో 1780 అన్న సంవత్సరాన్ని అలాగే ఉంచి కొడుతూ పోయారు. ఇప్పటికీ వియన్నాలో కొడుతూనే ఉన్నారు. అంటే మీ చేతిలో ఉన్న 1780 నాణెం 240 ఏళ్ళ నాటిది కావచ్చు, నిరుడు కొట్టినదీ కావచ్చు.

ఎన్ని టంకశాలల్లో కొట్టారో చూడండి. గుంజ్‌బర్గ్, వియన్నా, ప్రాగ్, మిలాన్, వెనిస్‌లు పాతవి. 1935లో ఇథియోపియా మీదికి దండెత్తబోతున్న ముసోలినీ ఆస్ట్రియాతో 25 ఏళ్ళ ఒప్పందం చేసుకుని అచ్చులు రోమ్‌కు తెప్పించుకున్నాడు. ఎర్రసముద్రం వ్యాపారంలో ఉన్న మిగతా దేశాలు ఊరుకుంటాయా? పారిస్, లండన్, బ్రసెల్స్ వరుసగా తామూ కొట్టడం మొదలుపెట్టాయి. రెండో ప్రపంచయుద్ధంలో తూర్పు ఆఫ్రికా పోరాటానికి డబ్బు అవసరమై 1940, 41లలో బొంబాయి టంకశాల కూడా 1.8 కోట్లకు పైగా కొట్టింది. తరువాత బర్మింగ్‌హామ్ కూడా చేరింది.

ఇన్నిటిలో ఒక్కటి కూడా తన గుర్తు వేసుకోలేదు. రాణి బొమ్మ కింద కనిపించే 'ఎస్. ఎఫ్.' టంకశాల గుర్తు కాదు, శాన్ ఫ్రాన్సిస్కో అసలే కాదు. అవి గుంజ్‌బర్గ్ టంకశాల అధికారులు షోబుల్, ఫాబీల పొడి అక్షరాలు. వాళ్ళ తరువాత ఎవరు కొట్టినా, ఎక్కడ కొట్టినా ఆ రెండు అక్షరాలు అలాగే ఉంచారు.

మరి తేల్చేవాళ్ళు ఎలా తేలుస్తారు? భుజం మీది పతకంలో ముత్యాల సంఖ్య, వాటి అమరిక చూస్తారు. మామూలుగా తొమ్మిది ఉంటాయి. అరబ్ వర్తకులే వాటిని లెక్కపెట్టి తీసుకునేవాళ్ళు. బొరుసు మీద రెండు తలల గద్ద తోక ఈకలు ఎలా విచ్చుకున్నాయో చూస్తారు. సంవత్సరం తరువాత ఉండే అడ్డగీతల గుర్తు ఆకారం చూస్తారు. అంచు మీద 'న్యాయం, కరుణ' అనే అర్థం వచ్చే లాటిన్ మాటలు ఉబ్బెత్తుగా ఉంటాయి. ఆ మాటల నడుమ ఉన్న అలంకారాలు చూస్తారు. ఒక్క తేడాతో ఏదీ తేలదు. మూడు నాలుగు కలిస్తేనే ఒక టంకశాల పేరు చెప్పగలిగేది. అదీ టంకశాల రూఢి అయిన నాణేలను పక్కన పెట్టుకుని, ఒక్కొక్కటీ సరిపోల్చుకుంటూ.

ఈ పని మీద ప్రేమ ఉన్నవాళ్ళకు దీన్ని మించిన నాణెం లేదు. ఒకే సంవత్సరం, ఒకే బొమ్మ ఉన్న ఇరవై నాణేలను బల్ల మీద పరిచి గంటల తరబడి ముత్యాలు లెక్కపెట్టుకునే ఓపిక ఉంటే ఇది మీకోసమే. ఎందుకంటే అమ్మేవాళ్ళలో ఎక్కువమంది టంకశాలలను విడదీయరు, అన్నిటినీ వెండి రేటుకే గంపగుత్తగా ఇస్తారు. కుప్పలోంచి పాతదాన్ని ఏరుకోవడం మీ కంటి పని. కానీ ఒకటే థాలర్ కొనుక్కుందామనుకునేవాళ్ళు 'ఇది బొంబాయి థాలర్, మన దేశంలో కొట్టింది' అన్న మాటకు ఒక్క రూపాయి కూడా అదనంగా ఇవ్వకండి. నాణెం మీద ఆ మాట ఎక్కడా లేదు.

థాలర్ బరువు 28.07 గ్రాములు, వెండి నూటికి 83 పైచిలుకు. మిగతావాటికంటే కొంచెం బరువు, కొంచెం తక్కువ వెండి. యెమెన్, ఒమాన్, ఇథియోపియాల్లో వీటికి కొక్కేలు అతికించి మెడలో వేసుకునేవాళ్ళు, కనుక పై అంచున టాంకా మచ్చ ఉందేమో చూసుకోండి. కొక్కెం తీసేసిన చోట అంచు అక్షరాలు ఒక ముక్క చెదిరి ఉంటాయి.

అమెరికా ట్రేడ్ డాలర్: గుర్తు సులువు, నకిలీలే గండం

నెవాడా గనుల్లో వెండి పొంగిపొర్లుతున్న రోజుల్లో, 1873 ఫిబ్రవరి చట్టంతో దీన్ని చైనా వ్యాపారం కోసం తెచ్చారు. బరువు 420 గ్రెయిన్లు, అంటే 27.22 గ్రాములు. ఆ బరువూ, వెండి శాతమూ నాణెం మీదే రాసి ఉంటాయి. టంకశాల గుర్తు బొరుసు వైపు గద్ద కింద ఉంటుంది. 'ఎస్' ఉంటే శాన్ ఫ్రాన్సిస్కో, 'సి సి' ఉంటే కార్సన్ సిటీ, ఏమీ లేకపోతే ఫిలడెల్ఫియా. కంటితోనే కనిపిస్తుంది, తేల్చుకోవడానికి ఏ ఇబ్బందీ లేదు.

అయినా దీన్ని మొదటి నాణెంగా కొనమని చెప్పను. ఈ బొమ్మకు ఉన్నన్ని నకిలీలు ఇంకే వర్తక డాలర్‌కూ లేవనిపిస్తుంది. అయితే ఒక మేలుంది. ఇందులో చిన్న చిన్న మార్పులు ఏ ఏట జరిగాయో స్పష్టంగా తెలుసు, నకిలీ చేసేవాళ్ళు చాలాసార్లు అక్కడే దొరికిపోతారు. మొదట్లో గద్ద పట్టుకున్న ఆలివ్ కొమ్మకు గోళ్ళ కింద ఒక చిన్న కాయ ఉండేది. 1875లో ఆ కాయ లేని అచ్చు వచ్చింది, 1876 దాకా రెండూ నడిచాయి. ఆ తరువాత కాయ లేదు. అటువైపు బొమ్మ మీద స్త్రీ చేతిలోని పట్టీ కొసలు మొదట ఎడమకు తిరిగి ఉండేవి, 1876లో వచ్చిన అచ్చుతో కిందికి వాలాయి. కాబట్టి 1877, 1878 నాణేల మీద గోళ్ళ కింద కాయ కనిపిస్తే అది నకిలీ. 1874 నాణెం మీద కాయ లేకపోయినా నకిలీయే.

చెలామణి కోసం కొట్టింది 1878 వరకే. 1879 నుంచి 1883 వరకు ఫిలడెల్ఫియాలో సేకర్తల కోసం అద్దంలా మెరిసే ప్రూఫ్ నాణేలు మాత్రమే కొట్టారు. 1879 సంవత్సరం, కింద 'ఎస్' గుర్తు ఉన్న నాణెం ఎవరైనా చూపిస్తే అలాంటిది అసలు పుట్టనే లేదు. 1878లో ఫిలడెల్ఫియావి కూడా ప్రూఫ్‌లే. ఆ ఏటి కార్సన్ సిటీ నాణెం అన్నిటికంటే కష్టమైనది. 97,000 కొట్టారు. అదే ఏడు అక్కడ 44,148 ట్రేడ్ డాలర్లను కరిగించారు, వాటిలో ఎక్కువ ఆ ఏటివే అని అంచనా. అందువల్లే మామూలు 'ఎస్' నాణేనికి 'సి సి' అతికించే పనులు జరుగుతుంటాయి. ఆ అక్షరాల చుట్టూ ఉన్న ఖాళీ భాగం రంగు తేడాగా ఉన్నా, సన్నని గీత కనిపించినా వదిలేయండి.

అమెరికాలో ఉండే తెలుగువాళ్ళకు ఇది తేలిగ్గా దొరుకుతుంది. ధ్రువీకరించి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసిన నాణెం కొనడం మంచిది. ఆ పెట్టె నంబరు సంస్థ వాళ్ళ జాబితాలో సరిచూసుకోండి, ఎందుకంటే పెట్టెలకు కూడా నకిలీలు వస్తున్నాయి. ఇక్కడ, ఇండియాలో, విడిగా దొరికే ట్రేడ్ డాలర్ అంటే నేను మొదట నకిలీ అనుకునే తూకం వేస్తాను.

మెక్సికో 8 రియాల్, ఇండోచైనా పియాస్టర్

టంకశాలలు ఎక్కువ కావాలి, ఒక్కోదాన్నీ సొంతంగా గుర్తుపట్టాలి అన్న సరదా ఉంటే మెక్సికో డాలర్ అని పిలిచే 8 రియాల్‌కు సాటి లేదు. గద్ద పామును పట్టుకున్న బొమ్మ, మరోవైపు కిరణాల నడుమ టోపీ. టోపీ వైపు అంచు వెంట ఉన్న వరుసను అలా చదువుకుంటూ పోవడమే: విలువ, టంకశాల గుర్తు, సంవత్సరం, వెండి పరీక్షించిన అధికారి పొడి అక్షరాలు, వెండి శాతం. ఎం పక్కన చిన్న ఓ ఉంటే మెక్సికో నగరం, జడ్ పక్కన ఎస్ ఉంటే జకాటెకాస్, జి పక్కన ఓ ఉంటే గ్వానహువాటో. ఇలా పదికి పైగా ఉన్నాయి. అధికారి అక్షరాలు ఆ టంకశాలకు, ఆ ఏటికి సరిపోయాయా అన్నది రెండో తాళం. చైనా వర్తకులు మిగతా డాలర్లన్నిటినీ కొలిచింది దీనితోనే.

8 రియాల్ తరువాత వచ్చిన 1898 పెసో దగ్గర మాత్రం ఆగి చూడండి. చైనా కోసమని 1949లో అదే సంవత్సరం వేసి కోటికి పైగా మళ్ళీ కొట్టారు. అంచు చుట్టూ ఉన్న పూసలు లెక్కపెట్టండి. పాతదానికి 139, తిరిగి కొట్టినదానికి 134. ఫోటోను పెద్దది చేసుకుని పదేసి పూసలకు ఒక గుర్తు పెట్టుకుంటూ లెక్కిస్తే పొరపాటు రాదు.

ఫ్రెంచ్ ఇండోచైనా పియాస్టర్ గురించి మన దగ్గర ఎక్కువ మాట్లాడుకోరు. నాకు మాత్రం రెండో నాణెంగా కొనడానికి ఇదే నచ్చుతుంది. బరువు నాణెం మీదే చెక్కి ఉంటుంది. 1885 నుంచి 1895 దాకా 27.215 గ్రాములు, 1895లోనే మారి తరువాత 27 గ్రాములు. 1890 నాణెం మీద 27 అని ఉన్నా, 1908 నాణెం మీద 27.215 అని ఉన్నా చదివిన క్షణంలో తప్పు తెలిసిపోతుంది. టంకశాల కూడా అంతే తేట: 'ఎ' అంటే పారిస్, 'హెచ్' అంటే బర్మింగ్‌హామ్‌లోని హీటన్ టంకశాల, అది 1921, 1922ల్లోనే. 1921లో ఏ గుర్తూ లేనిది శాన్ ఫ్రాన్సిస్కోలో కొట్టింది.

కొనేముందు తూకం, ఆ తరువాత నీళ్ళు

టంకశాల గుర్తు చూడటం రెండో పని. నాణెం వెండిదేనా అన్నది మొదటి పని. గ్రాములో నూరో వంతు చూపించే చిన్న డిజిటల్ కాటా చాలు. అరుగుదల వల్ల అర గ్రాము తగ్గొచ్చు, రెండు గ్రాములు తగ్గిందంటే అనుమానించాలి, ఎక్కువ తూగితే ఇంకా అనుమానించాలి.

బరువు సరిపోయినంత మాత్రాన ఆగకండి. కాటా మీద నీళ్ళ గ్లాసు పెట్టి అంకెను సున్నా చేయండి. సన్నని దారంతో నాణేన్ని కట్టి, అడుగుకూ పక్కలకూ తగలకుండా నీళ్ళలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. కాటా మీద కనిపించే అంకె ఆ నాణెం పక్కకు నెట్టిన నీటి బరువు. బ్రిటిష్ డాలర్‌కు అది 2.6 గ్రాముల దగ్గర ఉండాలి. అమెరికా డాలర్‌కు 2.64, థాలర్‌కు 2.75. రాగి, నికెల్ కలిపిన నకిలీ అదే బరువుకు తూగినా చోటు ఎక్కువ తీసుకుంటుంది, అంకె 3 దగ్గరకు పోతుంది. దారం ముడిలో గాలి బుడగ చిక్కుకుంటే లెక్క మారుతుంది కాబట్టి ఒకసారి ఎత్తి మళ్ళీ ముంచండి. పరీక్ష అయ్యాక నీళ్ళు అద్దండి, రుద్దకండి.

గీటురాయి మీద గీయించకండి. అంచున పడే ఆ గీత నాణేనికి శాశ్వతంగా ఉండిపోతుంది. బంగారం షాపులో టచ్ చూసే మెషీను నాణేనికి హాని చేయదు గానీ పైపొరనే చదువుతుంది. మందంగా వెండి పూత వేసిన నకిలీ దానికి చిక్కకపోవచ్చు. నీళ్ళ పరీక్ష లోపలి లోహాన్ని కూడా పట్టుకుంటుంది.

నాణెం మీద చైనా అక్షరాల చిన్న చిన్న గుంటలు కనిపిస్తే పాడైపోయిందని తోసిపుచ్చకండి. చైనా సరాఫులు వెండి పరీక్షించి, తమ పూచీగా కొట్టిన ముద్రలవి. ఒకప్పుడు వాటిని లోపంగా చూసేవాళ్ళు, ఇప్పుడు ప్రత్యేకంగా వాటినే సేకరించేవాళ్ళు ఉన్నారు, ధ్రువీకరణ సంస్థలు కూడా వాటిని గుర్తించి నమోదు చేస్తున్నాయి. నాణెం నిజంగా తూర్పు దేశాల బజార్లలో తిరిగిందనడానికి అంతకంటే మంచి సాక్ష్యం దొరకదు. కాకపోతే ముద్ర సరిగ్గా త్రిశూలం మీదో గద్ద కిందో పడి టంకశాల గుర్తును మింగేసిన నాణేన్ని, ముద్ర అందంగా ఉంది కదా అని ఎక్కువ పెట్టి తీసుకోకండి.

విదేశాల్లో ఉన్నవాళ్ళకు ఒక మాట. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన నాణెం మన దేశంలో పురావస్తువు కిందకు వస్తుంది, దాన్ని సొంతంగా దేశం దాటించడం నేరం. సెలవులకు వచ్చినప్పుడు ఇక్కడ కొన్న 1900 నాటి డాలర్‌ను సూట్‌కేసులో వేసుకుని వెళ్ళకండి. మీరుండే దేశంలోనే కొనుక్కోండి, అక్కడ ఇవి కావలసినన్ని దొరుకుతాయి.

ఇక ఎవరికి ఏది

ఒకే ఒక్కటి కొని ఊరుకుందామనుకునేవాళ్ళకు: బొంబాయి 'బి' స్పష్టంగా కనిపించే బ్రిటిష్ డాలర్. 1897, 1898, 1899, 1901, 1902, 1908, 1911, 1912 నాణేలు తరచు దొరికేవే, కాబట్టి అరిగినది తీసుకోనక్కర్లేదు, బాగున్నదాని కోసం ఆగొచ్చు. చదువుకుంటూ నెమ్మదిగా పెంచుకునేవాళ్ళకు మెక్సికో. పెద్ద మొత్తం పెట్టి తరువాత మళ్ళీ అమ్ముకునే ఆలోచన ఉంటే ధ్రువీకరించిన అమెరికా డాలర్, అదీ కార్సన్ సిటీ గుర్తుతో. వెండి కోసమే కొనేవాళ్ళకు థాలర్ చాలు. టంకశాల గురించి అడక్కండి, తూకం మాత్రం వేయించుకోండి.

టంకశాలల తేడాయే అసలు ఆసక్తి అయితే నేను చెప్పే వరుస ఇది. మొదట 1930 బొంబాయి, 1930 లండన్ రెండూ తీసుకోండి, రెండూ ఒకే స్థాయిలో ఉన్నవి. పక్కపక్కన పెట్టి త్రిశూలం నడిమి మొనలను భూతద్దంతో చూడండి. అక్షరం ఉన్న మొన ఎలా ఉంటుందో, మొదటి నుంచీ లేని మొన ఎలా ఉంటుందో ఆ ఒక్క జతతో కంటికి అలవాటవుతుంది. ఆ అలవాటు వచ్చాక 1901 బొంబాయి, 1901 కలకత్తా జత. చివరగా 1900 కలకత్తా వెతకండి. ఆ మూడేళ్ళ 'సి' నాణేల్లో అది తక్కువగా దొరుకుతుంది. అమ్మేవాళ్ళను నాణెం మొత్తం ఫోటో కాకుండా పాదం దగ్గర, త్రిశూలం దగ్గర విడివిడిగా దగ్గరి ఫోటోలు అడగండి. ఆ రెండు ఫోటోలు పంపనివాళ్ళ దగ్గర కొనకండి.